రెండు ట్రాన్సిస్టర్ల ఫజ్ పెడల్: ముందు లెక్క, తర్వాత సోల్డరింగ్

సభకు వచ్చిన విద్యార్థులకు, గిటార్ వాయించే మిత్రులకు నమస్కారం. ఈరోజు నేను ఫజ్ పెడల్‌లోని, అంటే గిటార్ ధ్వనిని కావాలని బొంగురుగా మార్చే, కాలితో నొక్కే డబ్బాలోని, పదకొండు భాగాలున్న ఒకే ఒక సర్క్యూట్ గురించి మాట్లాడతాను. అందులో రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు, మూడు కెపాసిటర్లు, రెండు పాట్లు (నాబ్‌తో తిప్పి విలువ మార్చే రెసిస్టర్లు) ఉంటాయి. 1966లో లండన్‌కు చెందిన ఆర్బిటర్ సంస్థ గుండ్రటి లోహపు డబ్బాలో పెట్టి ఫజ్ ఫేస్ అనే పేరుతో అమ్మిన పెడల్ లోపల ఉన్నది ఇదే. ప్రసిద్ధ గిటార్ కళాకారుడు జిమి హెండ్రిక్స్ వాడిన పెడల్ కాబట్టి గిటార్ వాయించేవారిలో చాలామందికి ఈ పేరు తెలిసే ఉంటుంది. ఎలక్ట్రానిక్స్ చదివేవారికి పేరు తెలియకపోయినా, లోపలి అమరికను చూడగానే మొదటి సంవత్సరం ల్యాబ్‌లో చేసిన కామన్ ఎమిటర్ ఆంప్లిఫయర్ గుర్తుకు వస్తుంది.

ఈ పెడల్‌ను మార్చాలనుకునే కొత్తవారికి నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఏ భాగాన్ని మార్చినా, మార్చడానికి ముందు ఏమి జరగాలో కాగితం మీద లెక్క వేసి రాసుకోండి. మార్చిన తర్వాత మీటరుతో కొలవండి, చెవితో వినండి, రాసుకున్నదానితో పోల్చి చూడండి. ఒకేసారి మూడు భాగాలు మార్చి "బాగుంది" అనో "బాగాలేదు" అనో తేల్చేస్తే, ఆ మూడింటిలో దేనివల్ల ధ్వని మారిందో తెలియదు, తెలియనిది తర్వాతి సర్క్యూట్‌లో ఉపయోగపడదు. పదకొండు భాగాల సర్క్యూట్‌లో ఈ పద్ధతి పాటించడం సులభం. వంద భాగాల సర్క్యూట్‌లో కష్టమే గానీ, ఇక్కడ అలవాటైనవారికి అక్కడా చేయి తిరుగుతుంది.

ఈ ధ్వని ఎక్కడి నుంచి వచ్చిందో క్లుప్తంగా చెప్పి ముందుకు వెళ్తాను. 1961లో విడుదలైన గాయకుడు మార్టీ రాబిన్స్ పాటను అమెరికాలోని నాష్‌విల్‌లో రికార్డు చేస్తున్నప్పుడు, గ్రేడీ మార్టిన్ వాయించిన ఆరు తీగల బేస్ గిటార్ ధ్వని మిక్సింగ్ కన్సోల్‌లోని ఒక చానల్ చెడిపోవడం వల్ల బొంగురుగా రికార్డయింది. దాన్ని చెరిపివేయకుండా అలాగే విడుదల చేశారు. ఆ ధ్వని కావాలని ఇతరులు అడగసాగారు. ఇంజనీరు గ్లెన్ స్నాడీ దాన్ని ట్రాన్సిస్టర్లతో తిరిగి పుట్టించే సర్క్యూట్ రూపొందించగా, 1962లో గిబ్సన్ సంస్థ దాన్ని మేస్ట్రో ఫజ్ టోన్ పేరుతో మార్కెట్లోకి తెచ్చింది. పాఠ్యపుస్తకం ఏ స్థితిని లోపమని చెప్పి తప్పించుకోమంటుందో, ఆ స్థితిలోకే ట్రాన్సిస్టర్‌ను ఉద్దేశపూర్వకంగా నెట్టే వస్తువు ఇది. విద్యార్థికి ఇందువల్ల కలిగే మేలు చాలా పెద్దది. తరంగం పైభాగం, కిందిభాగం తెగిపోవడాన్ని ఆసిలోస్కోప్ మీద చూడటంతో సరిపెట్టుకోకుండా, ఎంత తెగితే ఎలా వినిపిస్తుందో చెవికి అలవాటు చేసుకోవచ్చు.

ఇప్పుడు సర్క్యూట్‌లోకి వద్దాం. మొదట వచ్చిన పెడళ్లలో జర్మేనియం ట్రాన్సిస్టర్లు ఉండేవి, తర్వాతివాటిలో బీసీ108, బీసీ183 వంటి సిలికాన్ ట్రాన్సిస్టర్లు వచ్చాయి. కొత్తవారు ఎన్‌పీఎన్ సిలికాన్ రకంతోనే మొదలుపెట్టాలని నా అభిప్రాయం; కారణం తర్వాత చెబుతాను. ట్రాన్సిస్టర్‌కు ఎమిటర్, బేస్, కలెక్టర్ అని మూడు కాళ్లు ఉంటాయి. మొదటి ట్రాన్సిస్టర్ ఎమిటర్ నేరుగా గ్రౌండ్‌కు కలిసి ఉంటుంది. దాని కలెక్టర్‌కు 33 కిలో ఓముల రెసిస్టర్ ద్వారా 9 వోల్టులు అందుతాయి. ఆ కలెక్టరే, మధ్యలో కెపాసిటర్ లేకుండా, రెండవ ట్రాన్సిస్టర్ బేస్‌కు కలుస్తుంది. రెండవదాని ఎమిటర్‌కు, గ్రౌండ్‌కు మధ్య 1 కిలో ఓమ్ పాట్ ఉంటుంది. ఫజ్ నాబ్ అంటే ఇదే. అదే ఎమిటర్ నుంచి 100 కిలో ఓముల రెసిస్టర్ ఒకటి వెనక్కి వచ్చి మొదటి ట్రాన్సిస్టర్ బేస్‌కు చేరుతుంది. రెండవ కలెక్టర్‌కు పైన 8.2 కిలో ఓములు, దాని పైన 330 ఓములు వరుసగా ఉంటాయి. ఆ రెండు రెసిస్టర్లూ కలిసేచోటు నుంచి 0.01 మైక్రోఫారడ్ కెపాసిటర్ ద్వారా ధ్వని 500 కిలో ఓముల వాల్యూమ్ పాట్‌కు వెళ్తుంది.

సోల్డరింగ్ ఐరన్ ముట్టుకోకముందే ఇక్కడ ఒక లెక్క చేద్దాం. ఈ లెక్కకు ఓమ్ సూత్రం తప్ప ఇంకేమీ అక్కర్లేదు. సిలికాన్ ట్రాన్సిస్టర్ బేస్, ఎమిటర్ల మధ్య సుమారు 0.6 వోల్టు ఉంటుందని మనకు తెలుసు. మొదటి ఎమిటర్ గ్రౌండ్‌లో ఉంది కాబట్టి మొదటి బేస్ 0.6 వోల్టు దగ్గర ఉంటుంది. 100 కిలో ఓముల మీదుగా బేస్‌కు వెళ్లే కరెంటు అత్యల్పం. ట్రాన్సిస్టర్ గెయిన్ (బేస్ కరెంటుకు కలెక్టర్ కరెంటు ఎన్ని రెట్లో చెప్పే సంఖ్య) 300 అనుకుంటే ఆ రెసిస్టర్ మీద సుమారు 0.08 వోల్టు పడుతుంది. అంటే రెండవ ఎమిటర్ దాదాపు 0.68 వోల్టు దగ్గర నిలబడుతుంది. దాని కింద ఉన్నది 1 కిలో ఓమ్ కాబట్టి ఆ దారిలో పారే కరెంటు 0.68 మిల్లీఆంపియర్. దాదాపు అంతే కరెంటు కలెక్టర్‌లోనూ పారుతుంది. పైన ఉన్న 8.2 కిలో ఓములు, 330 ఓములు కలిపితే 8.53 కిలో ఓములు, దాన్ని 0.68తో గుణిస్తే 5.8 వోల్టులు. తొమ్మిదిలోంచి 5.8 తీసివేస్తే రెండవ కలెక్టర్ మీద మీటరు చూపవలసింది 3.2 వోల్టులు.

ఇప్పుడు మీ బోర్డు మీద కొలవండి. గ్రౌండ్‌కు నలుపు ప్రోబ్, రెండవ కలెక్టర్‌కు ఎరుపు ప్రోబ్ పెట్టి చూస్తే మూడు వోల్టులకు అటూ ఇటూ వస్తుంది. కాగితం మీద వేసిన సంఖ్య, మీటరు చూపిన సంఖ్య దగ్గరదగ్గరగా రావడం చూసిన విద్యార్థికి ఈ సర్క్యూట్ మీద కలిగే ధైర్యం ఎన్ని ఉపన్యాసాలు విన్నా కలగదు. అందుకే నేను దీని మీద ఇంతసేపు నిలబడ్డాను.

ఈ 3.2 వోల్టుల వల్ల ధ్వనికి ఏమవుతుంది? కలెక్టర్ పైకి 9 వోల్టుల దాకా, కిందికి ఎమిటర్ ఉన్న 0.7 వోల్టు దాకా మాత్రమే ఊగగలదు. 3.2 దగ్గర కూర్చున్నప్పుడు కిందికి చోటు తక్కువ, పైకి ఎక్కువ. కాబట్టి తరంగం కిందివైపు త్వరగా తెగుతుంది, పైవైపు ఆలస్యంగా తెగుతుంది. రెండు వైపులా సమానంగా తెగాలంటే కలెక్టర్ మధ్యలో ఉండాలి. గిటార్ పెడళ్లు కట్టేవారు సాధారణంగా 4.5 వోల్టులు పెట్టమంటారు. అసలు మధ్య బిందువు 4.8 దగ్గర ఉన్నా, ఆ తేడా చెవికి పెద్దగా తెలియదు. 4.5 కావాలంటే పైరెసిస్టర్ల మొత్తం ఎంత ఉండాలి? 4.5ను 0.68తో భాగిస్తే 6.6 కిలో ఓములు వస్తాయి. 8.2 కిలో ఓముల రెసిస్టర్‌ను తీసి ఆ స్థానంలో 10 కిలో ఓముల ప్రీసెట్ (బోర్డు మీద పెట్టే చిన్న పాట్) పెట్టి, మీటరు చూస్తూ చిన్న స్క్రూడ్రైవర్‌తో తిప్పండి. ఇది మీ మొదటి మార్పు. 4.5 దగ్గర ఆపి వినండి, తర్వాత 3 దగ్గర, 6 దగ్గర కూడా వినండి. చాలా పక్కకు జరిపితే స్వరం చివర్లో ముక్కలు ముక్కలుగా తెగిపోతుంది. ఆ తెగిపోయే ధ్వనిని ఇష్టపడి కావాలని అలా పెట్టుకునేవారూ ఉన్నారు. సరైన వోల్టేజీ అనేది ఒకటే ఉంటుందని అనుకోనక్కరలేదు.

రెండవ మార్పు ఇక్కడి నుంచే పుడుతుంది. సిలికాన్ ఫజ్ ఫేస్ గురించి తరచుగా వినిపించే ఫిర్యాదు ఏమిటంటే, వాల్యూమ్ పూర్తిగా తిప్పినా చాలినంత శబ్దం రాదు. కారణం సర్క్యూట్ అమరికలోనే ఉంది. ధ్వనిని కలెక్టర్ నుంచి కాకుండా 330 ఓములు, 8.2 కిలో ఓములు కలిసేచోటు నుంచి తీసుకుంటున్నాం. అందువల్ల కలెక్టర్ మీద జరిగే ఊపులో 330ని 8530తో భాగించినంత, అంటే ఇరవై ఆరో వంతు మాత్రమే బయటికి వస్తుంది. కలెక్టర్ 8 వోల్టులు ఊగితే బయటికి వచ్చేది 0.31 వోల్టు. 330ని తీసి 1 కిలో ఓమ్ పెట్టి, పైన చెప్పిన ప్రీసెట్‌ను 5.6 కిలో ఓముల దగ్గరికి తెస్తే, మొత్తం మళ్లీ 6.6 కిలో ఓములే అవుతుంది కాబట్టి 4.5 వోల్టులు చెదరవు. బయటికి వచ్చే భాగం మాత్రం 6.6లో ఒక వంతు అవుతుంది. అంటే 1.2 వోల్టులు, ముందుకన్నా దాదాపు నాలుగు రెట్లు. ఫజ్ స్వభావం మారకుండా శబ్దం మాత్రమే పెరుగుతుంది. ఖర్చు ఒక్క రెసిస్టర్. ఈ పెడల్‌కు చేయదగిన మార్పులన్నిటిలోనూ ఒక్కదాన్నే ఎంచుకోమంటే నేను దీన్నే ఎంచుకుంటాను.

ఇక కెపాసిటర్ల సంగతి. గిటార్ ధ్వని లోపలికి వచ్చే దారిలో 2.2 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంటుంది. ఎంత తక్కువ పౌనఃపున్యం దాకా ధ్వని లోపలికి రావాలో దాని విలువ నిర్ణయిస్తుంది. ఒకటిని 2π, రెసిస్టెన్స్, కెపాసిటెన్స్‌ల లబ్ధంతో భాగిస్తే హద్దు పౌనఃపున్యం వస్తుందని మీరు చదివే ఉంటారు. ఈ సర్క్యూట్ ఇన్‌పుట్ ఇంపిడెన్స్, అంటే లోపలికి వచ్చే ధ్వనికి అది చూపే నిరోధం, నాబ్ స్థానాన్ని బట్టి మారుతుంది, మొత్తం మీద చాలా తక్కువ. లెక్క కోసం 10 కిలో ఓములు అనుకుందాం. 2.2 మైక్రోఫారడ్‌తో హద్దు 7 హెర్ట్‌జ్ అవుతుంది. గిటార్‌లో అన్నిటికన్నా మందమైన ఇ తీగ 82 హెర్ట్‌జ్ దగ్గర మోగుతుంది కాబట్టి, బేస్ (ట్రాన్సిస్టర్ కాలు కాదు, ధ్వనిలోని మంద్ర భాగం) అంతా వడకట్టకుండా లోపలికి వస్తోందన్నమాట. 0.22 మైక్రోఫారడ్ పెడితే హద్దు 72 హెర్ట్‌జ్‌కు, 0.1 పెడితే సుమారు 160కి, 0.047 పెడితే 340 దాకా పెరుగుతుంది.

బేస్ తగ్గించాలంటే ఆంప్లిఫయర్ మీద బేస్ నాబ్ ఉంది కదా, దీనికి కెపాసిటర్ ఎందుకు మార్చాలని అడిగేవారు ఉంటారు. క్లిప్పింగ్‌కు, అంటే తరంగం తెగడానికి, ముందు తీసివేసిన బేస్, క్లిప్పింగ్ తర్వాత తీసివేసిన బేస్ ఒకటి కావు. తరంగం తెగేటప్పుడు రెండు స్వరాలు కలిసి ఉంటే, ఆ రెండే కాకుండా వాటి మొత్తం, వాటి తేడా అయిన కొత్త స్వరాలు కూడా పుడతాయి. సంగీతం తెలిసినవారికి దీన్ని సులభంగా చెప్పవచ్చు. షడ్జ పంచమాల నిష్పత్తి రెండుకు మూడు. వాటి తేడా ఒకటి, అంటే కింది స్థాయి షడ్జమే. అందుకే షడ్జ పంచమాలను మాత్రమే వాయించే పవర్ కార్డ్ ఫజ్‌లో ఎంత నెట్టినా నిండుగా వినిపిస్తుంది. షడ్జానికి అంతర గాంధారం కలిపితే నిష్పత్తి నాలుగుకు ఐదు. వాటి మొత్తం తొమ్మిది, అంటే మీరు వాయించని చతుశ్రుతి రిషభం పై స్థాయిలో వచ్చి చేరుతుంది. పైగా గిటార్ మెట్ల మీద పలికే గాంధారం శుద్ధమైన నిష్పత్తిలో ఉండదు కాబట్టి మిగిలిన తేడా స్వరాలు కూడా సరిగ్గా కుదరవు. ఫజ్‌లో పూర్తి కార్డులు (మూడు, అంతకన్నా ఎక్కువ స్వరాలు కలిపి వాయించేవి) మట్టిగా, ముద్దగా వినిపించడానికి కారణం ఇదే. ఇవి ఒకసారి పుట్టాక ఏ నాబ్ వాటిని విడదీసి బయటికి తీయలేదు. లోపలికి వచ్చే బేస్‌ను ముందే తగ్గిస్తే ఆ ముద్ద కొంత తగ్గుతుంది. అలాగని 0.047కు ఒక్కసారే దూకవద్దు, 0.22తో మొదలుపెట్టి, హంబకర్ పికప్‌ల (తీగల కంపనాన్ని విద్యుత్తుగా మార్చే జంట కాయిళ్ల) గిటార్ అయితే 0.1 ప్రయత్నించండి.

బోర్డు మీద కెపాసిటర్‌ను పదేపదే తీసి పెడితే రాగి ప్యాడ్‌లు ఊడిపోతాయి. ఐసీ సాకెట్ నుంచి కోసిన పిన్నుల ముక్కను ఒకసారి సోల్డర్ చేసి, భాగాలను అందులో గుచ్చి మార్చుకోండి. ట్రాన్సిస్టర్లకు కూడా ఇదే పద్ధతి. విలువలు ఖాయమయ్యాక వాటిని సోల్డర్ చేయవచ్చు. 25 వాట్ల ఐరన్, డీసోల్డరింగ్ పంప్, మామూలు డిజిటల్ మల్టీమీటర్, కటింగ్ ప్లయర్ ఈ పనికి చాలు. హైదరాబాద్ వారికి కోఠిలోని గుజరాతీ గల్లీలో, చెన్నైలో ఉన్నవారికి రిచీ స్ట్రీట్‌లో ఇవన్నీ దొరుకుతాయి.

ట్రాన్సిస్టర్‌ను మార్చేటప్పుడు కాళ్ల వరుస చూసుకోవడం మరచిపోకూడదు. చదును ముఖం మీ వైపు, కాళ్లు కిందికి పెట్టి పట్టుకుంటే బీసీ547లో ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్ వస్తాయి; 2ఎన్3904లో సరిగ్గా తిరగబడి ఎమిటర్, బేస్, కలెక్టర్ వస్తాయి. ఆకారం ఒకటే కనుక చూడటానికి తేడా తెలియదు. గెయిన్ విషయంలో, ఎక్కువ గెయిన్ ఉన్నదే మంచిదనే నమ్మకాన్ని వదిలిపెట్టండి. మీ మల్టీమీటర్‌లో గెయిన్ కొలిచే రంధ్రాలు ఉంటే, డబ్బాలో ఉన్న పది బీసీ547లనూ కొలిచి, తక్కువగా చూపినదాన్ని మొదటి స్థానంలో, ఎక్కువగా చూపినదాన్ని రెండవ స్థానంలో పెట్టి చూడండి. మొదటి ట్రాన్సిస్టర్ గెయిన్ మరీ ఎక్కువైతే సన్నని హిస్ శబ్దం పెరుగుతుంది. కొన్నిచోట్ల రేడియో స్టేషన్ కూడా వినిపిస్తుంది. మొదటి ట్రాన్సిస్టర్ కలెక్టర్‌కు, బేస్‌కు మధ్య 100 పికోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ ఒకటి పెడితే అది సద్దుమణుగుతుంది. అంత చిన్న విలువ ఎలా సరిపోతుందంటే, ఆ స్థానంలో ఉన్న కెపాసిటర్ ఆ దశ గెయిన్‌తో గుణించినంత పెద్దదిగా ఇన్‌పుట్‌కు కనబడుతుంది. మిల్లర్ ప్రభావం అని మీరు పరీక్షలో రాసినది ఇదే.

జర్మేనియం గురించి అడగకుండా ఎవరూ ఉండరు. ఏసీ128 వంటి జర్మేనియం ట్రాన్సిస్టర్లను ఒకప్పుడు బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ తయారుచేసేది. మన ఇళ్లలోని పాత రేడియోల ఆడియో దశలో అవి ఇప్పటికీ దొరకవచ్చు. వాటి ధ్వనిలో మెత్తదనం ఉందన్నది నిజమే. కానీ బేస్‌కు ఏమీ ఇవ్వకపోయినా కలెక్టర్ నుంచి పారే లీకేజీ కరెంటు వాటిలో ఎక్కువ, అది ప్రతి 10 డిగ్రీలకు దాదాపు రెట్టింపవుతుంది. జనవరి రాత్రి 20 డిగ్రీల దగ్గర 4.5 వోల్టులకు సరిచేసిన పెడల్, మే నెల మధ్యాహ్నం విజయవాడలో 40 డిగ్రీలు దాటినప్పుడు నాలుగు రెట్ల లీకేజీతో పనిచేయవలసి ఉంటుంది. అప్పటికి వోల్టేజీ ఎక్కడికో జారిపోయి ఉంటుంది. పైన మనం చేసిన లెక్క కూడా లీకేజీ ఉన్నచోట అంత చక్కగా కుదరదు. సిలికాన్‌తో మొదలుపెట్టమని చెప్పడానికి కారణం ఇదే. లెక్కకు కట్టుబడి ఉండే భాగంతో నేర్చుకున్న తర్వాత, కట్టుబడనిదాని జోలికి వెళ్లవచ్చు.

పరీక్షించే పద్ధతి గురించి ఒక మాట. గిటార్ చేతిలో లేనివారు ఫోన్‌లో రికార్డు చేసిన గిటార్ ధ్వనిని పెడల్‌లోకి పంపి చూస్తారు. అలా వింటే ధ్వని కరుకుగా వస్తుంది, తప్పు సర్క్యూట్‌ది కాదు. గిటార్ పికప్‌లో వేల చుట్ల సన్నని తీగ ఉంటుంది. సింగిల్ కాయిల్ పికప్‌కు 6 కిలో ఓములకు అటూ ఇటూ రెసిస్టెన్స్, దానికి తోడు ఇండక్టెన్స్ ఉంటాయి. తక్కువ ఇన్‌పుట్ ఇంపిడెన్స్ ఉన్న ఈ పెడల్, ఆ తీగచుట్టతో కలిసి ఒకే సర్క్యూట్‌గా పనిచేస్తుంది. గిటార్ మీది వాల్యూమ్ నాబ్‌ను కొద్దిగా తగ్గించగానే ఫజ్ విడిపోయి ధ్వని తేటపడటం ఈ పెడల్‌కు ఉన్న గొప్ప గుణం, అది ఇందువల్లే వస్తుంది. ఫోన్‌కు గానీ, మధ్యలో పెట్టిన బఫర్ పెడల్‌కు (గిటార్‌ను తర్వాతి పెడల్ భారం నుంచి వేరుచేసేదానికి) గానీ ఆ రెసిస్టెన్స్ లేదు. ఫోన్‌తోనే పరీక్షించవలసి వస్తే మధ్యలో 10 కిలో ఓముల రెసిస్టర్ ఒకటి వరుసగా పెట్టండి. పూర్తిగా గిటార్ లాగా కాకపోయినా నిజానికి దగ్గరవుతుంది. పెడల్‌ను ఎప్పుడూ గిటార్‌కు పక్కనే, మిగతా పెడళ్లకు ముందు ఉంచండి.

చివరిగా విద్యుత్ సరఫరా. 9 వోల్టుల బ్యాటరీతో మీకు ప్రమాదం లేదు, పెడల్ తెరవడానికి భయపడనక్కరలేదు. వాల్వ్ ఆంప్లిఫయర్ మాత్రం ఎన్నడూ తెరవకండి, స్విచ్ తీసిన తర్వాత కూడా అందులోని కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉంటాయి. బ్యాటరీ నెగటివ్ తీగ ఇన్‌పుట్ జాక్‌లోని రింగ్ కాలికి కలిసి ఉంటుంది, గిటార్ ప్లగ్ పెట్టగానే ఆ కాలు గ్రౌండ్‌కు తాకి పెడల్‌కు కరెంటు అందుతుంది. వాయించడం అయ్యాక ప్లగ్ తీయకపోతే బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. అడాప్టర్ పెట్టేవారు, గిటార్ పెడళ్ల అడాప్టర్లలో మధ్య పిన్ నెగటివ్ అని గుర్తుంచుకోవాలి. మన దగ్గర దొరికే మామూలు 9 వోల్టుల అడాప్టర్లలో ఎక్కువగా మధ్య పిన్ పాజిటివ్‌గా ఉంటుంది. అందుకని సరఫరా తీగతో వరుసగా 1ఎన్5817 షాట్కీ డయోడ్ ఒకటి పెట్టండి. తీగలు తారుమారైనా అది కరెంటును ఆపేస్తుంది, సరిగ్గా ఉన్నప్పుడు దాని మీద పడే వోల్టేజీ అతి స్వల్పం. పాత పద్ధతిలో పీఎన్‌పీ జర్మేనియం ట్రాన్సిస్టర్లతో కట్టిన పెడల్‌లో పాజిటివ్ గ్రౌండ్ అవుతుంది కనుక, దాన్ని మిగతా పెడళ్లతో కలిపి ఒకే అడాప్టర్ తీగకు ఇస్తే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. దానికి విడిగా బ్యాటరీ ఉంచాలి. మనం ఈరోజు మాట్లాడుకున్న ఎన్‌పీఎన్ సర్క్యూట్‌కు ఆ ఇబ్బంది లేదు. ముందు బల్ల మీద రెండు బోర్డులు ఉన్నాయి. ఒకటి మార్పులు చేయనిది, రెండవదానిలో ప్రీసెట్, 1 కిలో ఓమ్ రెసిస్టర్, 0.22 కెపాసిటర్ ఉన్నాయి. మీటరు పక్కనే ఉంది. ముందు రెండవ కలెక్టర్ మీద వోల్టేజీ కొలిచి రాసుకుని, ఆ తర్వాత గిటార్ ప్లగ్ పెట్టండి.